పాదరసం కట్టిన కొండబండి

ఆమెకు పాదరసం అని పేరు పెట్టింది అత్తగారు. కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో పాలు కాచమంటే, అవి కాగేదాకా ఊరుకోలేక పక్క బర్నరు విప్పి, దాని కన్నాలు సూదితో పొడుస్తూ కూర్చుంది. పాలు పొంగి పొయ్యంతా పారాయి. "ఇది పిల్ల కాదురా, పాదరసం. అరచేతిలో పెట్టుకున్నా నిలవదు," అంది అత్తగారు కొడుకుతో. ఆయన నవ్వి ఊరుకున్నాడు. పేరు మాత్రం నిలిచిపోయింది. మోటార్లు బాగుచేయించుకోవడానికి వచ్చేవాళ్లు కూడా "పాదరసం గారున్నారా?" అనే అడిగేవారు.

నిజంగానే ఆమె కాలు ఒకచోట నిలిచేది కాదు. నిలబడే తినేది. ఫోను వస్తే వాకిలి ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూ మాట్లాడేది. ఎదుటివాళ్లు వాక్యం పూర్తిచేసేలోపు జవాబు చెప్పేసి, ఒక్కోసారి వాళ్లు అడగని దానికి కూడా చెప్పేది. "పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలంటారు," అని అత్తగారు సాధిస్తే, "నిలబడితే నీళ్లు కూడా రావు అత్తయ్యా, ఆ మోటారు బాగుచేయాల్సిందీ నేనే," అనేది.

పెళ్లికి ముందు, తరవాత కూడా చాలాకాలం ఆమె పందెం కార్ల వర్క్‌షాపులో పనిచేసింది. అక్కడ ఆమె చేతిలో పడ్డవి రోటరీ ఇంజన్లు. వాటిలో పైకీ కిందకీ కొట్టుకునే పిస్టన్లు ఉండవు. నడుం దగ్గర నొక్కిన కోడిగుడ్డులాంటి గదులు రెండు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, ఒక్కో గదిలో మూడు మూలల రోటరు ఒకటి గిరగిరా తిరుగుతుంది. చిన్నది, తేలికైనది, ఎంత తిప్పితే అంత హుషారు. తనకోసమే ఎవరో కనిపెట్టారనుకునేది ఆమె. వర్క్‌షాపు మూసేసిన రోజు యజమాని ఒక ఇంజను ఆమెకు ఇచ్చేశాడు. "దీన్ని వేరేవాళ్ల చేతిలో పెట్టబుద్ధి కావట్లేదు, తీసుకుపోమ్మా," అన్నాడు.

ఇంటి వెనక రేకుల షెడ్డులో సగం ఆమెది, సగం భర్తది. ఆయన వడ్రంగి. ఆమె వైపు నూనె వాసన, ఆయన వైపు చెక్క వాసన. మధ్యలో పాత దుప్పటి ఒకటి తెరలా వేలాడుతుండేది. ఆయన ఒక కుర్చీ కాలును పొద్దున్నుంచి సాయంత్రం దాకా చిత్రిక పట్టగలడు. అది చూస్తే ఆమెకు ఒళ్లు జిలపుట్టేది.

ఆయన చెల్లెలు నర్సు. కొండమీది గూడేలకి టీకాలూ మందులూ తీసుకెళ్లడం ఆమె పని. ఆ గూడేలకి దారంటూ లేదు. వానాకాలంలో నీళ్లు పారే రాళ్ల వాగే మిగతా రోజుల్లో దారి. సొంత జీపులో పోయి వచ్చేది. ఒకసారి ఆ జీపు ఇంజను దిమ్మ నిలువునా పగిలింది. నర్సు నేరుగా షెడ్డుకి వచ్చి, గుడ్డ కప్పి ఉన్న రోటరీ ఇంజను వైపు వేలు చూపించింది.

"వదినా, అది ఊరికే కూర్చునేగా ఉంది. నా బండికి పెట్టవూ?"

"ఇది కొండలెక్కేది కాదమ్మా. పందెం గుర్రం."

"గుర్రాలు కొండలెక్కవా ఏంటి?"

పాదరసం ఇంజను మీది గుడ్డ లాగేసింది. అప్పటికే మనసు దాని తేలికతనం మీద పడింది. ముందు బరువు తగ్గితే జీపు బురదలో దిగబడదు కదా! ఇక ఆమెను పట్టేవాళ్లు లేకపోయారు. ఇంజను విప్పింది, లోపలి గాలి తప్పించుకోకుండా ఆపే సీళ్లు మార్చింది, బిగించింది. భర్త "ఒకసారి మైదానంలో తిప్పి చూడరాదూ" అన్నది చెవికెక్కించుకోలేదు. "నేను కట్టిన ఇంజన్ని నేనే శంకించాలా?" అంది. టీకాల పెట్టె వెనక పెట్టించుకుని, నర్సును పక్కన కూర్చోబెట్టుకుని కొండకి బయల్దేరింది.

తారురోడ్డు మీద జీపు చెంగుచెంగున దూకింది. నర్సు తలగుడ్డ ఎగిరిపోకుండా పట్టుకుని కేకలు పెట్టింది. వాగు మొదలైంది. మొదటి ఎత్తులోనే ఇంజను గొంతు పట్టుకున్నట్టయింది. పాదరసం యాక్సిలరేటరు నొక్కింది. నొక్కితే చక్రాలు రాళ్ల మీద జారి బండి పక్కకు ఎగిరింది. వదిలితే ఇంజను ఆగిపోబోయింది. ఎటూ కాక క్లచ్చి సగం నొక్కి పట్టింది. కాలిన వాసన కొట్టింది. పెద్ద బండరాయి అడ్డం వచ్చేసరికి ఇంజను ఒక్కసారి ఆవులించి చచ్చిపోయింది. జీపు వెనక్కి జారింది. బ్రేకు పట్టేసరికి వెనక చక్రం ఒకటి ఒడ్డు దాటి గాలిలో తిరుగుతోంది.

 నర్సు ఒక్కో కాలూ మెల్లగా దించి, టీకాల పెట్టె బయటికి లాగి నెత్తిన పెట్టుకుంది.

"ఇది కొండెక్కే బండి కాదు వదినా, కొండమీంచి దూకే బండి," అంది. "పైన పసిపిల్లల్ని చంకనేసుకుని తల్లులు కాచుకుని ఉంటారు. నాకు పందాలొద్దు. మెల్లగానైనా సరే, చేరితే చాలు."

అలా అనేసి వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. పాదరసం చక్రాల కింద రాళ్లు పెట్టి, భర్త తాళ్లూ మనుషుల్నీ తీసుకుని వచ్చేదాకా ఆ జీపు చుట్టూ తిరుగుతూనే ఉంది.

ఇంటికి వచ్చాక కాలుగాలిన పిల్లిలా తిరిగింది. తప్పు ఎక్కడుందో ఆమెకి తెలుసు. తెలియడమే బాధ. గాలీ పెట్రోలూ ఆ ఇంజను లోపలికి వెళ్లేది రోటరు గదికి అటూ ఇటూ ఉండే పలకల్లోని కన్నాల గుండా. పందేల కోసం ఆ కన్నాలను ఆమే స్వయంగా అరగదీసి పెద్దవి చేసింది. వేగంగా తిరిగేటప్పుడు ఆ పెద్ద కన్నాలే బలం. నిదానంగా తిరిగేటప్పుడు అవే శాపం. అవి ఆలస్యంగా మూసుకుంటాయి. ఈలోపు పీల్చిన గాలి కొంత వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ఇక లాగడానికి బలమెక్కడిది? ఆ కన్నాల నునుపు చూడటానికి వేరే వర్క్‌షాపుల వాళ్లు కూడా వచ్చేవారు ఒకప్పుడు. అరగదీసిన ఇనుము మళ్లీ అతకదు.

"వేరే పలకలు కావాలి," అంది భర్తతో. "ఎవరి చెయ్యీ పడనివి."

"ఉంటాయా?"

"ఉండి తీరాలి."

పాత ఇనుప సామాన్ల దొడ్లన్నీ తిరిగింది. ఎట్టకేలకు ఒకచోట రేకుల గుట్ట కింద, అలాంటి ఇంజనున్న మామూలు కారు ఒకటి దొరికింది. ఎవరో పెద్దమనిషి బజారుకీ ఇంటికీ నిదానంగా తిప్పుకున్న బండి. దొడ్డి యజమాని బానెట్టు ఎత్తి తల గోక్కున్నాడు.

"ఇదేనా ఇంజను? ఇంత చిన్నదేంటండీ? మిగతాది ఎవడో ఎత్తుకుపోయాడనుకున్నా ఇన్నాళ్లూ."

పలకలు బయటికి తీసి గుడ్డతో తుడిచింది. చిన్న కన్నాలు, అంచుల్లో పోతపోసిన గరుకు కూడా పోలేదు. మరోరోజైతే ఆకురాయి తీసుకుని వాటి పని పట్టేది. ఆ రోజు మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని చూసింది.

పలకలు ఒక్కటీ మారిస్తే చాలదు. గాలి లోపలికి వచ్చే గొట్టాలు సన్నగా, పొడుగ్గా ఉండాలి. కార్బురేటరు చిన్నది కావాలి. తిరుగుడు పడిపోకుండా బరువైన ఫ్లైవీలు కావాలి. గొట్టం ఎలా వంగితే జీపు ముక్కులో పడుతుందో ఎన్నిసార్లు బొమ్మ గీసినా కుదరలేదు. గీసి చింపడమే పనయింది. భర్త తెర పక్కకి తీసి, చింపిన కాయితాల్లో ఒకటి ఏరుకుని పోయాడు. మర్నాడు ఆ వంపును చెక్కలో చెక్కి తెచ్చి జీపులో పెట్టి చూపించాడు. తగిలిన చోట మళ్లీ చెక్కాడు. మళ్లీ పెట్టాడు. ఆమె పక్కనే నిలబడి గోళ్లు కొరుక్కుంది.

"ఇంకెంతసేపండీ?"

"కుదిరేదాకా."

కుదిరింది. ఆ చెక్క అచ్చు చూసి ఇనపగొట్టం వంచుకుంది. తరవాత ఇంజను కట్టడం మొదలుపెట్టింది. దుమ్ము పడకూడదని భర్తను రంపం ముట్టవద్దంది. ఆయన తన పనంతా ఎత్తుకుని వాకిట్లోకి పోయాడు. రోటరు పక్కల్లో వంపుగా పడుకునే సన్నని సీళ్లను ఒక్కోదాన్నీ ఆకురాయితో రుద్ది, సరిపడా పొడవుకి తెచ్చి, గాడిలో కూర్చోబెట్టాలి. ఓపిక పని. మొదట్లో ఒక్కోదాన్నీ కొలిచింది. చివరికొచ్చేసరికి వాకిట్లో నర్సు గొంతు వినపడింది. "అయిపోయిందా అన్నయ్యా?" అని అడుగుతోంది. అంతే, ఆమె చేతుల్లో కంగారు పుట్టింది.

బిగించడం అయ్యాక స్పార్కు ప్లగ్గులు తీసి ఇంజన్ని ఊరికే తిప్పి చూసింది. మూడు మూలల రోటరు కాబట్టి ప్రతి చుట్టుకీ మూడు ఊపిరులు సమానంగా వినపడాలి. ముందు రోటరు సరిగ్గానే ఊదింది. వెనకది ఫుస్, ఫుస్ అని, మూడోదానికి నీరసంగా నిట్టూర్చింది. అత్తగారు కూడా వాకిట్లోంచి తలెత్తి, "దానికేమైందే, ఆయాసమా?" అంది.

పాదరసం ముఖం ఎర్రబడింది. విసురుగా వాకిట్లోకి పోయి భర్త మీద పడింది.

"మీ రంపప్పొట్టే! గాలికి వచ్చి పడుంటుంది. ఇంటినిండా పొట్టు. కంట్లో పొట్టు, కంచంలో పొట్టు, ఇప్పుడు నా ఇంజన్లో పొట్టు!"

 ఆయన ఉలి కింద పెట్టి, బట్టలు దులుపుకుని, వీధిలోకి వెళ్లిపోయాడు. ఆయన అలా వెళ్లడం ఆమె ఎన్నడూ చూడలేదు.

ఇంజను మళ్లీ విప్పింది. పొట్టు రవ్వంత కూడా లేదు. చివరగా పెట్టిన పక్క సీలు గాడిలో బిగుసుకుపోయి ఉంది. కాస్త పొడుగు. వెంట్రుకవాసి ఇంకా రుద్దాల్సింది. వేలితో నొక్కితే ఊగలేదు. ఆమె దాన్ని చేతిలో పట్టుకుని వీధి చివరి దాకా పరుగెత్తింది. ఆయన సైకిలు షాపు అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"పొట్టు కాదండీ. నేనే. నా తొందరే," అంది, రొప్పుతూ.

ఆయన సీలు తీసుకుని వెలుగులో పెట్టి చూశాడు. "ఇంత చిన్న ముక్కకి ఇంత దూరం పరుగెత్తుకొచ్చావా? ఇంటికి వస్తానుగా."

"వచ్చేదాకా ఉండలేకపోయాను."

ఆయనకి నవ్వు ఆగలేదు. ఆమెకి కళ్లు తడిశాయి గానీ, అదీ ఎక్కువసేపు కాదు. పదండి పదండి అని లేవదీసింది. ఆ సాయంత్రం అన్ని సీళ్లూ మళ్లీ కొలిచింది. కొలుస్తున్నంతసేపూ కుడికాలు ఆడుతూనే ఉంది. చేతులు మాత్రం కదలలేదు. ఈసారి తిప్పినప్పుడు మూడు ఊపిరులూ ఒక్కలాగే వచ్చాయి.

రెండోసారి కొండకి వెళ్లినప్పుడు స్టీరింగు నర్సు పట్టుకుంది. "నువ్వు పక్కన కూర్చో వదినా. దేన్నీ ముట్టుకోకు." వాగు దగ్గర తక్కువ గేరులో వేసి, క్లచ్చి వదిలి, యాక్సిలరేటరు మీద కాలు ఊరికే ఆనించింది. ఇంజను గుర్రుమంటూ లాగింది. ముందు చక్రం రాయి ఎక్కింది, దిగింది. వెనక చక్రం ఎక్కింది. తొందరా లేదు, తడబాటూ లేదు. వెనక్కి జారిన చోటు వచ్చింది. పాదరసం సీటు అంచు పట్టుకుని కళ్లు మూసుకుంది. తెరిచేసరికి ఆ చోటు దాటిపోయారు.

"లాగుతోంది వదినా! ఎద్దులా లాగుతోంది!"

పాదరసం సంతోషం ఒక మలుపు దాకానే నిలిచింది. ఆ తరవాత ఆ నిదానాన్ని భరించడం ఆమె వల్ల కాలేదు. అటు జరిగింది, ఇటు జరిగింది, తల బయటపెట్టి చక్రాలు చూసింది. చివరికి తలుపు తీసుకుని కదిలే బండిలోంచే దిగిపోయింది.

"ఏమైంది? ఎక్కడికి?"

"నువ్వు రా. నేను ముందు పోతుంటాను."

రాళ్ల మీద అంగలు వేసుకుంటూ జీపుకన్నా ముందే గూడెం చేరింది. అక్కడ తల్లులు పిల్లల్ని ఎత్తుకుని నిలబడి ఉన్నారు. "నర్సమ్మ ఏదీ?" అని అడిగారు. "వస్తోంది," అంది. ఆ మాట అని, బండ అంచున నిలబడి కిందికి చూసింది. కింద మలుపులో ఇంజను చప్పుడు వినపడేది, మళ్లీ బండల చాటున మాయమయ్యేది. మాయమైనప్పుడల్లా ఆగిపోయిందనుకుంది. రెండుసార్లు కిందికి దిగబోయింది. తీరా బానెట్టు కనిపించేసరికి, పక్కనున్న ముసలమ్మ చెయ్యి గట్టిగా పట్టేసుకుని ఉంది. ఆ ముసలమ్మ "వదులు తల్లీ, ఎముకలు విరుగుతాయి," అంది.

దిగేటప్పుడు కొత్త తంటా వచ్చింది. రోటరీ ఇంజనుకి ముందుకు లాగడం తెలిసినంతగా, పల్లంలో బండిని వెనక్కి పట్టి ఉంచడం తెలియదు. నర్సు అడుగడుగునా బ్రేకు తొక్కాల్సి వచ్చింది. కిందికి చేరేసరికి చక్రాలు కమురు వాసన కొట్టాయి.

"ఎక్కడానికి బాగుంది గానీ, దిగడానికి నా కాళ్లు పడిపోయాయి," అంది నర్సు.

 పాదరసం అప్పటికే మనసులో జీపు గేరుపెట్టె విప్పేసి, లోపలి చక్రాలు తీసి, ఇంకా తక్కువ గేరు ఎక్కడ దొరుకుతుందా అని ఆలోచిస్తోంది. ఆ గేర్లు వానలు మొదలయ్యేలోపే దొరికాయి. పెద్ద బ్రేకులూ పెట్టింది. నర్సు ఆ జీపులోనే ఏళ్ల తరబడి కొండకి వెళ్లి వచ్చింది. పెట్రోలు తాగుబోతులా తాగుతుందని దాన్ని తిట్టని రోజు లేదు. వేరే బండి కొంటానని అన్న రోజూ లేదు. ఆమె కొండకి వెళ్లిన ప్రతిసారీ, జీపు తిరిగి వీధి మలుపు తిరిగే దాకా పాదరసం వాకిలి ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూనే ఉండేది.