గేదెకు కట్టి చూపిన చీర

నా భార్య పోయినప్పటి నుంచి మా గేదె ఎవరికీ సరిగా పాలివ్వడం లేదు. రోజూ పితికింది ఆమె చెయ్యే. ఈ ఉదయం పొదుగు నిండుగా ఉన్నా చుక్క పాలు కూడా చేపలేదు. లోపల పసిపిల్ల ఆకలికి ఏడుస్తోంది. యుద్ధం వచ్చాక ఓడలు రాక నరసరావుపేట బజారులో డబ్బాపాలు దొరకడం లేదు.

మా అమ్మ పెట్టె తెరిచి నా భార్య చీర తెచ్చింది. పితికే మనిషి లేనప్పుడు ఆ మనిషి బట్ట కట్టుకొని కూర్చోవడం మా వైపు పాత పద్ధతి. అయితే అది ఉతకని బట్ట కావాలి. ఉతకకుండా నేను దాచుకున్నది ఆ ఒక్క చీరే.

“ఏందమ్మా ఇది? ఎవరన్నా చూస్తే నవ్వరా?”

“నవ్వితే నవ్వనీ. నీ బియ్యే సంగతి బర్రెకేం తెలుసురా? ముసుగేసుకొని కూచో. నోరు మాత్రం తెరవమాక.”

కూర్చున్నాను. గేదె తల తిప్పి కొంగు వాసన చూసింది, నా భుజం నాకింది, చేపింది. ఆమె లేదని నాకు తెలుసు. ఉందని గేదెకు తెలిసింది. నా చేతుల్లోకి పాలు వచ్చినంతసేపూ నేనూ గేదె మాటే నమ్మాను.

పిల్ల కడుపునిండా తాగి నిద్రపోయింది. సాయంత్రం మళ్లీ అదే చీరతో పితికాను. విప్పి ముఖానికి ఆనించుకుంటే పేడ వాసన, నా చెమట వాసన. వాటి అడుగున ఆమెది కొంచెమే మిగిలింది. తెల్లవారితే పిల్లకు మళ్లీ ఆకలేస్తుంది.

గేదెను కొత్త చేతికి మచ్చిక చేసే ఉపాయం మీకెవరికైనా తెలిస్తే దయచేసి త్వరగా చెప్పండి.