రెక్కల ఏనుగుల సంత

అప్పట్లో, అంటే ఇరవై రెండేళ్ల వయసులో, ఒక దేశం ఎలా నడవాలో నాకు పూర్తిగా తెలుసు. (ఇప్పుడు మా ఇల్లు ఎలా నడుస్తోందో కూడా సరిగ్గా తెలియదు.) బెంగళూరులో ఫోన్ ఆటలు తయారుచేసే చిన్న కంపెనీ ఒకటి, మూడు నెలలు నా పని చూసి నచ్చితే ఉంచుకుంటామంది. కొత్త ఆట కోసం ఎక్కడా లేని లోకాన్ని పుట్టించి, అందులో వర్తకం ఎలా సాగుతుందో రాయడం నా పని. రాయచోటిలో మా ఇంట్లోనే కూర్చుని రాసేశాను. అక్కడ రెక్కల ఏనుగులే సరుకు. వాటికి పన్నెండు వర్తక సంఘాలు. ధర రాజుగారే కడతారు, బేరమన్న మాటే లేదు. ఇంత న్యాయమైన లోకం ఇంకెవరికీ తట్టలేదని నా గట్టి నమ్మకం.

వీడియో కాల్‌లో మేనేజరుకు అది చదివి వినిపించే రోజునే మా మామ, గొర్రెల సంతలో దళారి, ఇంటికొచ్చి పక్క మంచం మీద కాఫీ తాగుతున్నాడు. నాలుగో సంఘం దాకా ఓర్చుకున్నాడు పాపం.

“పాపా, బేరమే లేకుంటే అది సంత యాడయితాదమ్మా? రాజు మొగం చూసి ఏనుగును కొంటారా ఎవురన్నా? పళ్లు చూడొద్దా?”

“ఎవరండీ అది?” అన్నాడు మేనేజరు. (ఆయనదీ తెలుగే, నా ఖర్మ.) ఉద్యోగం పోయిందనుకున్నాను. ఈలోగా మామ, “ఉండు సారూ, చూపిస్తా” అంటూ ఫోన్ ముందుకు జరిగి, భుజం మీది తువ్వాలు నా చేతి మీద కప్పి, దాని కింద నా వేళ్లు రెండు పట్టుకుని నొక్కాడు. పక్కవాడికి తెలియకుండా సంతలో ధర చెప్పుకునేది అలాగే.

“రెండు వేలేనా మామా?” అని అరిచాను. రెక్కలున్న నా ఏనుగు అంత చవకా అని ఒళ్లు మండింది.

“అరవాకమ్మా! అరిచేటట్లయితే ఇంగ తువ్వాలెందుకు?”

మేనేజరు పడీపడీ నవ్వి, “సంఘాలు తీసేయండి, తువ్వాలు పెట్టండి” అన్నాడు. రెండు రోజులు అలిగి, మూడో రోజు తీసేశాను. ఉద్యోగం నిలబడింది. మామ మాత్రం, మా పాప దేశంలో దళారీ పని నాదేనని రాయచోటంతా చెప్పుకు తిరిగాడు.

ఆ ఆట ఏడాది తిరక్కుండానే మూతపడింది. ఆ మాట మామకు చెప్పడానికి నాకు ఇప్పటికీ నోరు రాలేదు. ఫోన్ చేసినప్పుడల్లా, “మన ఏనుగులు ఎట్లుండాయి పాపా?” అంటాడు. న్యాయమైన లోకాన్ని రాసిన ఆ పిల్లయితే నిజం చెప్పేసి ఉండేది. నేను మాత్రం, “శానా బాగుండాయి మామా, మేస్తాండాయి” అంటాను.