తగల్లేదండీ

మొన్న అమ్మాయిల మ్యాచ్ ఒకదానికి అంపైరుగా వేరే జిల్లాకి వెళ్ళాను. టాస్‌కి ఇంకా గంట టైముంది. మైదానం ఒకసారి చుట్టి వద్దామని నడుస్తుంటే, ప్రాక్టీసు చేసుకునే మూలన ఇద్దరు మనుషులు పిచ్ కోసం కొబ్బరిపీచు మ్యాట్ పరిచి దానిమీద బకెట్లతో నీళ్ళు చల్లుతున్నారు. తడిసిన పీచు వాసన గుప్పుమంది. కాస్త పులిసినట్టు, కాస్త తీపిగా, ముక్కు వెనకాల పట్టుకుని వదలని వాసన. కోనసీమలో పుట్టినవాళ్ళెవరికైనా ఆ వాసనకి కాలవల్లో కొబ్బరి డొక్కలు నానబెట్టిన చోటు గుర్తొస్తుంది. నాకు మాత్రం కొత్తపేటలో మా హైస్కూలు మైదానం, ఆ మైదానం మధ్యలో తెల్ల టోపీతో నిలబడ్డ ప్రకాశరావు మాస్టారు గుర్తొచ్చారు. అక్కడే ఆగిపోయాను.

ఊళ్ళో ఆయన డ్రిల్లు మాస్టారు. ఊరు దాటితే రంజీ మ్యాచ్‌ల అంపైరు. ఈ రెండో సంగతి మా ఊళ్ళో చాలామందికి తెలియదు, తెలిసినవాళ్ళకి పట్టదు. ప్రతి చలికాలం సెలవు పెట్టి, ట్రంకు పెట్టెలో నాలుగు తెల్ల చొక్కాలు, ఒక ఆవకాయ సీసా సర్దుకుని, రాజమండ్రిలో రైలెక్కి ఎక్కడెక్కడికో వెళ్ళిపోయేవారు. పదిమంది కూడా చూడని స్టేడియాల్లో నాలుగేసి రోజులు పొద్దుటినుంచి సాయంత్రం దాకా నిలబడి, మెడ నల్లగా కమిలిపోయి తిరిగొచ్చేవారు. టీ కొట్టు దగ్గర ఎవరైనా, "టీవీలో ఎప్పుడు కనబడతారండీ మాస్టారూ?" అని అడిగితే, "కనబడకపోతేనే మంచి అంపైరండి" అని నవ్వేసేవారు. పొట్టి మనిషి, సన్నటి గొంతు. కానీ ఆయన "ప్లే" అంటే మైదానం అవతలి గోడమీద కూర్చున్న నాకు కూడా వినబడేది.

నాకప్పుడు పద్నాలుగేళ్ళు. మా ఇల్లు స్కూలు వెనక సందులో. అమ్మ పీచు ఫ్యాక్టరీలో పనిచేసేది. స్కూలు మ్యాట్ చిరిగినప్పుడల్లా మాస్టారు దాన్ని చుట్టి భుజాన వేసుకుని అమ్మ దగ్గరికే తెచ్చేవారు, కుట్టించుకోవడానికి. అమ్మాయిలకి జట్టు లేదు. శనివారం సాయంత్రాలు నేను గోడెక్కి మగపిల్లల ఆట చూసేదాన్ని. ఒకరోజు రెండో అంపైరుగా నిలబడవలసిన లెక్కల మాస్టారు రాలేదు. ప్రకాశరావు మాస్టారు నాలుగువైపులా చూసి, గోడవైపు చెయ్యి ఊపారు.

"అమ్మాయ్, సుధా! దిగిరా. లెగ్గు వైపు నిలబడాలి."

"నాకు రాదండి."

"నిలబడ్డం వచ్చు కదా? మిగతాది నే చెప్తాను."

ఆ సాయంత్రమే నేనొక తప్పు చేశాను. రనౌట్ అప్పీలు. పదకొండుమందీ ఒక్కసారి నామీదికి అరుస్తూ వచ్చేసరికి కంగారులో వేలెత్తేశాను. పదో తరగతి కుర్రాడొకడు బ్యాటు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు. వాడి బ్యాటు గీత దాటడం నా కళ్ళు చూశాయి. నా వేలే వినలేదు. ఆట అయ్యాక మ్యాట్ చుడుతూ మాస్టారు అడిగారు.

"తప్పని ఎప్పుడు తెలిసిందమ్మా?"

"వెంటనే తెలిసిందండి."

"మరి వెనక్కి పిలవలేదేం?"

"మాట మార్చుకుంటే అందరూ నవ్వుతారని..."

తిడతారనుకున్నాను. ఆయన ఏదో చెప్పబోయి ఆగిపోయారు. రెండో కొస పట్టుకోమని సైగ చేసి, స్టోరు రూము దాకా ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అది నామీద కోపమనుకున్నాను. చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. అయినా మరుసటి శనివారం మళ్ళీ పిలిచారు, ఆ తర్వాత ప్రతి శనివారమూ పిలిచారు. డిగ్రీ అయ్యాక నేనూ ఒక స్కూల్లో ఆటల టీచరుగా చేరాను. అంపైరు పరీక్ష రాస్తానంటే ఇంట్లో అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. రాతపరీక్ష గట్టెక్కాను గానీ, ముగ్గురు పెద్దమనుషుల ఎదుట కూర్చుని జవాబులు చెప్పే పరీక్షలో నా గొంతు పెగల్లేదు. తప్పాను. "ఈసారికి గొంతు కూడా నేర్చుకుందాం" అన్నారు. అంతలో కరోనా వచ్చింది.

అప్పటికి మాస్టారు స్కూలు నుంచి రిటైరయ్యారు. అంపైరుగా మాత్రం ఇంకొక్క సీజను మిగిలింది. ఆ చలికాలం గడిస్తే వయసు పరిమితి దాటిపోతుంది. ఇరవయ్యేళ్ళకి పైబడిన పనికి అదే ముగింపు. లాక్‌డౌన్ సడలించాక నేను రోజూ వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. అరుగు ఆ చివర ఆయన, ఈ చివర నేను, ఇద్దరికీ మాస్కులు. రూల్సు పుస్తకంలోంచి ఆయన ప్రశ్న వేసేవారు, నేను గట్టిగా జవాబు చెప్పాలి. మాస్కు లోంచి కూడా వినబడాలి.

ఒకరోజు వెళ్ళేసరికి ఆయన అరుగు మీద లేరు. పెరట్లో నిలబడి ఉన్నారు. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, టోపీ. ఎదురుగా రెండు కొబ్బరి మొక్కలు తప్ప ఏమీ లేవు.

"ఏం చేస్తున్నారండీ?"

"రోజుకి ఆరు గంటలు నిలబడాలమ్మా. అలవాటు తప్పితే కాళ్ళు మర్చిపోతాయి."

వంటింటి గుమ్మంలోంచి వాళ్ళావిడ అనసూయమ్మగారు అందుకున్నారు. "తొమ్మిదిన్నరకి మొదలెట్టేరు. లంచ్ అని నే పిలిస్తే గానీ లోపలికి రారు. నిన్న వానొస్తే వచ్చేరు, తగ్గేక నేల తొక్కి చూసుకుని మళ్ళీ వెళ్ళేరు. గోడ అవతలివాళ్ళు ఏమనుకుంటున్నారో!" నవ్వుతూనే అన్నారు గానీ, ఆ తర్వాత నన్ను పక్కకి పిలిచి, "ఈ ఒక్క సీజనూ అవనిస్తే చాలమ్మా" అన్నారు మెల్లిగా.

సీజను ముందు నవంబరన్నారు. తర్వాత డిసెంబరన్నారు. తర్వాత చూద్దామన్నారు. ఆయన కళ్ళు పరీక్ష చేయించుకుని కొత్త అద్దాలు వేయించుకున్నారు. కాలవగట్టు మీద రోజూ నడిచారు. ఒక మధ్యాహ్నం మేం అరుగు మీద ఉండగా ఫోనుకి కబురొచ్చింది. ఎప్పుడూ ఆగని రంజీ ఆ ఏడు లేదు. పొట్టి మ్యాచ్‌లు మాత్రం, మనుషుల్ని హోటళ్ళలో మూసిపెట్టి, ఆడిస్తారట. వాటికి మాస్టారికి పిలుపు లేదు. ఆయన కొత్త అద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, రెండోసారి చదివారు.

"ఆయ్. అయితే అయిపోయిందన్నమాట."

ఫోను పక్కన పెట్టి అన్నారు. "ఆట ముగిసేక వికెట్ల మీద పుల్లలు తీసి 'టైం' అంటాం చూడు. పోయినేడు ఆఖరి మ్యాచ్‌లో, సాయంత్రం రైలుందని గబగబా తీసి జేబులో పడేసుకున్నాను. అదే ఆఖరిదని తెలిస్తే కాస్త నెమ్మదిగా తీసేవాణ్ణి కదమ్మా."

మర్నాటినుంచి ఆయన పెరట్లో నిలబడడం మానేశారు. నాలుగో రోజు నేను వెళ్ళేసరికి ట్రంకు పెట్టె అరుగు మీదికి వచ్చి ఉంది. దాన్నిండా నోటు పుస్తకాలు. నిలబడిన ప్రతి మ్యాచ్‌లోనూ తనకి అనుమానంగా ఉన్న నిర్ణయాలన్నీ రాసుకున్నారు. ఒక పుస్తకంలో ఒక పేజీ మూల మడిచి ఉంది. అది తెరిచి నా ముందు పెట్టారు. అందులో ఒక పేరు, దాని కింద "తగల్లేదండీ" అన్న ఒక్క మాట ఉన్నాయి.

"ఇరవై ఏళ్ళవుతోంది" అని మొదలుపెట్టారు. ఉత్తరాదిన ఏదో చలి ఊళ్ళో మ్యాచ్. ఆయనకది మూడో సీజను. మురళి అనే కుర్ర బ్యాట్స్‌మన్, రెండో మ్యాచ్ ఆడుతున్నాడు. వాళ్ళ తాతగారు రైల్వే పనికి విజయనగరం వైపునుంచి వలసపోయి అక్కడే స్థిరపడ్డారు. బాగా ఆడుతున్నాడు. ఒక బంతి చప్పుడు చేస్తూ కీపరు చేతుల్లో పడింది. అందరూ అరిచారు. మాస్టారు వేలెత్తారు. మురళి ఆయన పక్కనుంచి వెళ్తూ, తల దించుకుని, "తగల్లేదండీ" అన్నాడు. ఆ మైదానం లోపల తెలుగు వచ్చినవాళ్ళు వాళ్ళిద్దరే.

"వాడు హద్దు దాటకముందే నాకు తెలిసిందమ్మా. చప్పుడు ముందొచ్చింది, బంతి బ్యాటు దాకా రాకుండానే. తొడమీద ప్యాడ్‌కి తగిలింది. వెనక్కి పిలవొచ్చు. రూలు ఒప్పుకుంటుంది. పిలవలేదు. కొత్తవాణ్ణి, మాట మార్చేడంటారని ఒక భయం. తెలుగువాడని పిలిచేడంటారేమోనని ఇంకో భయం. తర్వాత వాణ్ణి జట్టులోకి తీసుకోలేదు. ఇక ఎప్పుడూ తీసుకోలేదు. ఒక్క ఔటుతో ఎవరి జీవితమూ అయిపోదులే. కానీ నాకేం సంబంధం లేదని ఎలా అనను?"

ఆరోజు స్కూలు మైదానంలో మ్యాట్ చుడుతూ ఆయన ఏదో చెప్పబోయి ఎందుకు ఆగిపోయారో నాకప్పుడు అర్థమైంది.

"ఏటా వాళ్ళ ఊళ్ళో మ్యాచ్ పడుతుందేమో, వెళ్ళి కలిసి చెబుదామనుకున్నాను. పడలేదు. ఈ ఏడు ఎలాగైనా అడిగి వేయించుకుందామనుకున్నాను. ఇప్పుడిక ఏ ఊరూ లేదు కదా. ఫోను నంబరు దొరుకుతుందేమో చూస్తావా?"

స్కోరర్లలో నాకు తెలిసినవాళ్ళని పట్టుకుని, వాళ్ళ ద్వారా ఇంకొకరిని పట్టుకుని, వారం రోజులకి నంబరు సంపాదించాను. మురళి రైల్వేలో పనిచేస్తున్నాడు, పిల్లలకి ఆట నేర్పుతున్నాడు. ఒక పొద్దున్న పదింటికి, అరుగు మీద, నా ఫోను మధ్యలో పెట్టి స్పీకరు ఆన్ చేశాను. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి కూర్చున్నారు.

"నేను కొత్తపేట నుంచి ప్రకాశరావునండి. ఒకసారి మీ మ్యాచ్‌కి అంపైరుగా..."

"గుర్తున్నారు సార్." వెంటనే వచ్చింది జవాబు.

"ఆరోజు మీరు తగల్లేదన్నారు. తగల్లేదండి. నాకు అప్పుడే తెలిసింది. పిలవలేకపోయాను."

మురళి గొంతు, కాస్త బొంగురుగా, "సార్, మా నాన్నగారు ఇక్కడే ఉన్నారు. ఆరోజు నా ఆట చూడడానికి వచ్చారు. నిలబడలేక వికెట్ పారేసుకున్నావని ఇప్పటికీ అంటారు. నేను చెబితే నమ్మలేదు. మీరు చెప్తారా?" అన్నాడు.

ఫోను చేతులు మారింది. "ఎవరూ?" అని పెద్దాయన గట్టిగా అడగడం, "ఆరోజు ఔటిచ్చిన అంపైరుగారు నాన్నా" అని కొడుకు చెప్పడం వినబడింది. మాస్టారు లేచి నిలబడ్డారు.

"అయ్యా, మీ అబ్బాయి ఔట్ కాదండి. నేనే తప్పిచ్చేను."

"మరి ఇన్నేళ్ళూ?" అన్నాడు పెద్దాయన.

మాస్టారు ఫోను వైపు వంగారు. "భయపడ్డానండి."

పెద్దాయన గొంతు తగ్గించి, పక్కనున్న కొడుక్కి వినబడకూడదన్నట్టు, "మావాడు ఆరోజు బాగా ఆడేడాండీ?" అని అడిగాడు.

"చాలా బాగా ఆడేరండి. ఔటయ్యే ఆట కాదది."

ఫోను పెట్టేశాక అనసూయమ్మగారు కళ్ళు తుడుచుకుంటూ, "పోనీలెండి, బరువు దిగింది" అన్నారు. మాస్టారు తల అడ్డంగా ఊపారు. "దిగలేదు అనసూయా. 'మరి ఇన్నేళ్ళూ' అన్నాడు చూడు, అది న్యాయమైన మాట. దానికి నా దగ్గర ఏముంది? కానీ అది వినవలసినవాణ్ణి నేనే. విన్నాను." ఆ మధ్యాహ్నం ఆయన కడుపునిండా భోంచేసి, రూల్సు పుస్తకం తీసుకుని అరుగు మీదికి వచ్చి, "ఊఁ, గొంతు విప్పు" అన్నారు నాతో.

మరుసటి ఏడు రంజీ మళ్ళీ మొదలైంది. ఆయన వయసు దాటిపోయింది. దాని గురించి ఆయన ఒక్కసారి కూడా బాధగా మాట్లాడగా నేను వినలేదు. స్కూలు మైదానంలో పిల్లల మ్యాచ్‌లకి నిలబడేవారు, అదే తెల్ల చొక్కాతో. నేను పరీక్ష నెగ్గానని చెప్పడానికి వెళితే, "నెగ్గడం సరే, మాట వాళ్ళకి వినబడిందా?" అని మాత్రం అడిగారు. మురళి రెండు మూడుసార్లు ఫోను చేశాడు. వాళ్ళ నాన్నగారు పోయిన కబురు కూడా అతనే చెప్పాడు. ఆ తర్వాత ఏడాదికి మాస్టారికి గుండెపోటు వచ్చింది. అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది.

పోయిన చలికాలం ఒక మ్యాచ్‌లో నేను ఒకమ్మాయికి ఎల్బీడబ్ల్యూ ఇచ్చాను. ఇచ్చినప్పుడు నాకు ఏ అనుమానమూ లేదు. నాలుగు ఓవర్లయ్యాక, అదే చివరనుంచి అలాంటి బంతే పడి, బ్యాటు అంచుకి తగిలి ప్యాడ్ మీదికి వచ్చిన చప్పుడు విన్నాక, ముందు దానిలోనూ అదే చప్పుడు ఉందని, అంటే అది ఔట్ కాదని గుర్తొచ్చింది. అప్పటికి ఏ రూలూ పనికిరాదు. టీ విరామంలో నాతో ఉన్న అంపైరు, "ఊరుకోండి మేడమ్, అందరికీ జరిగేదే" అంటున్నా, బ్యాటింగు జట్టు గది దగ్గరికి వెళ్ళాను. ఆ అమ్మాయి ఇంకా ప్యాడ్లు విప్పలేదు. చెప్పాను.

"ఇప్పుడు చెప్పి ఏం లాభం మేడమ్?" అంది. "సెలక్టర్లు నా స్కోరు చూస్తారు. మీరు సారీ చెప్పేరని ఎక్కడా రాయరు. మా ఇంట్లో ఇదే ఆఖరి ఏడన్నారు తెలుసా?" గొంతు పెంచింది. గదిలో వాళ్ళంతా మాటలు ఆపి మావైపు తిరిగారు. ఆమె ఇంకా చాలా అంది. ప్రతీ మాటా నిజమే. ఆమె చెప్పదలుచుకున్నదంతా చెప్పేదాకా ఆ గుమ్మంలోనే నిలబడ్డాను. ఆ తర్వాత టోపీ పెట్టుకుని మైదానంలోకి నడిచాను. ఆరోజు ఆటలో ఇంకా ముప్ఫై ఓవర్లు మిగిలి ఉన్నాయి.