మగ్గాలు ఆగగానే

సూరత్‌లో మా ఇల్లు మరమగ్గాల షెడ్డు పైనే. ఆ మోతలోనే మా ఎనిమిది నెలల పాప నిద్రపోతుంది. మొన్న మధ్యాహ్నం పాప పడుకోగానే, పాత ల్యాప్‌టాప్‌లో తుపాకుల గేమ్ బాగా నడుస్తుందని మా మరిది చెప్పిన లైనక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేశాను. గేమ్ తెరుచుకుంది కానీ శబ్దం వినిపించలేదు. సెట్టింగులన్నీ మార్చి మార్చి విసిగిపోయాను. చివరికి వాల్యూమ్ పూర్తిగా పెంచిన క్షణంలోనే కరెంటు పోయింది. కింద మగ్గాలన్నీ ఆగిపోయాయి. బ్యాటరీ మీదున్న ల్యాప్‌టాప్‌లోంచి వచ్చిన తుపాకుల మోతకు గదంతా దద్దరిల్లింది.

పాప ఉలిక్కిపడి గుక్కపట్టింది. మొహం నీలమైపోయింది. ల్యాప్‌టాప్ మూసేసి పాపను ఎత్తుకున్నాను.

"ఏందే, ఇంట్ల గీ బాంబులేంది? పోరి మొకం మీద జర ఊదు!" అని అత్తమ్మ ఉరికొచ్చింది.

ఊదగానే పాప ఊపిరి తీసుకుని ఏడ్చింది. కరెంటు వచ్చి మగ్గాలు మొదలవగానే మళ్లీ నిద్రపోయింది.

శబ్దం మొదటి నుంచీ సన్నగా వస్తూనే ఉంది, మగ్గాల మోతలో నాకే వినపడలేదు! ఆ మధ్యాహ్నం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది. ఇప్పుడు ఆడితే శబ్దం పూర్తిగా తీసేసే ఆడుతున్నాను.