అంబాసిడర్ తిరగని గట్టు

మొన్న నాన్నతో చీపురుపల్లి వెళ్తే, పాత ఇనుము కొట్టు ముందు తుప్పు పట్టిన ఫియట్ కనబడింది. లోపల అదే రెక్సిన్ వాసన. మన ఈడువాళ్లకు గుర్తుందా, అంబాసిడర్ గొప్పా ఫియట్ గొప్పా అన్న తగువు?

మా నాన్నది అంబాసిడర్ టాక్సీ, మావయ్యది ఫియట్.

“గోతుల్లో నా బండి పడవలాగ పోతాది” అనేవాడు నాన్న.

“తిప్పడానికి పొలమంత సోటు కావాల బావా! నాది ఉన్నకాడే తిరుగుతాది” అనేవాడు మావయ్య.

చెల్లికి ఫిట్స్ వచ్చిన రోజు రెండు బళ్లూ వాకిట్లోనే ఉన్నాయి. కుదుపులుండవని ఆసుపత్రికి నాన్న తన బండే తీశాడు. సన్నటి చెరువుగట్టు మీద లారీ దిగబడి దారి మూసుకుపోయింది. అంబాసిడర్ తిరగడానికి చోటు చాలలేదు. రివర్సులో గట్టు దాటేసరికి చెల్లి ఒళ్లు చల్లబడిపోయింది.

మొన్న నాన్న ఆ ఫియట్ స్టీరింగు పట్టుకుని వదల్లేదు.

“సెప్పరా, ఇదైతే తిరిగీది కదా?”

ఇంటికొచ్చాక కూడా అదే అడుగుతున్నాడు. ఏం చెప్పాలో మీకెవరికైనా తెలిస్తే చెప్పండి.