పేరమ్మగారి సైగలు

చదువూ పనితనమూ ఉండి కూడా కంపెనీలు పిలవని వాళ్లను వెతికి తెచ్చి కొలువుల్లో కుదర్చడం ఆవిడ పని. అందుకే అందరికీ ఆవిడ ఉద్యోగాల పేరమ్మ. ఇంటర్వ్యూలో మేనేజరు వెనక కూర్చుని, నెమ్మదిగా చెప్పమనీ, గట్టిగా చెప్పమనీ అభ్యర్థికి సైగలు చేయకుండా ఉండలేని మనిషి. మొన్న మూడు కంపెనీలు గుమ్మంలోనే వద్దన్న ఓ అకౌంటెంటు వస్తే, ఆయనకు చూపు లేదన్న సంగతే మరిచి చేతులు ఆడించింది.

మేనేజరు వెనక్కి తిరిగి, "ఎవరికండీ ఆ సైగలు?" అన్నాడు. ఆవిడ ముఖానికి ఫైలు అడ్డం పెట్టుకుంది.

అకౌంటెంటు నవ్వాడు. "గాజులు ఇందాకట్నుంచీ వినబడుతున్నాయి సార్. ఏం చెప్పమన్నా ఒకేలా మోగుతున్నాయి. అందుకని నాకు తెలిసిందే చెప్పాను."

"తెలిసింది చాలు. సోమవారం వచ్చేయండి," అన్నాడు మేనేజరు.

పేరమ్మ సంతోషం పట్టలేక అకౌంటెంటుకు బొటనవేలు ఎత్తి చూపించింది.