ఎర్ర దారం ముడి

వీధిలో ఆమెను అందరూ టైలరమ్మ అనేవాళ్లు. మేడమెట్ల కింద, పొడుగాటి మనిషి నిలబడితే తల తగిలే గదిలో ఆమె కుట్టుమిషను ఉండేది. కొత్త బట్టలు కుట్టించుకునేవాళ్లు అక్కడికి రారు. వదులైనవి బిగించుకోవడానికి, బిగుతైనవి వదులు చేయించుకోవడానికి, చిరిగినవి చిరగనట్టు చేయించుకోవడానికి వస్తారు. మిషను పక్కన, ఇస్త్రీపెట్టె వేడి తగిలీ తగలనంత దూరంలో ఒక అట్టపెట్టె. అందులో ఎప్పుడూ ఏదో ఒక ప్రాణం పడుకుని ఉండేది, అరచేతిలో పట్టేంత ప్రాణం.

ఆరేళ్ల కిందట, వీధి చివరి పశువుల ఆసుపత్రి నుంచి డాక్టరమ్మ తన తెల్లకోటు జేబు కుట్టించుకోవడానికి వచ్చింది. టైలరమ్మ మాట్లాడుతూనే, సూది వైపు చూడకుండానే దారం ఎక్కించింది. అది చూసి డాక్టరమ్మ కోటు సంగతి మర్చిపోయింది.

"అక్కా, నీ చెయ్యి అస్సలు వణకదా?"

"వణికితే మీ జేబు వీపు మీద పడుతుంది డాక్టరుగారూ."

మర్నాడు డాక్టరమ్మ చేతిరుమాలులో చుట్టి మొదటి కుక్కపిల్లను తెచ్చింది.

అవి బొమ్మల్లాంటి చిన్న జాతి కుక్కలు. ఇంకా చిన్నవి కావాలి, ఇంకా చిన్నవి కావాలి అని మనుషులు తరతరాలుగా కోరుకుంటే అవి అలా ఒదిగిపోయాయి. అంత ఒదిగిన దేహంలో ఒక్కోసారి ఏదో ఒకటి పూర్తి కాకుండా మిగిలిపోతుంది. ఒకదానికి నడినెత్తి ఎముక కలవదు, వేలు పెడితే నీటి మీద ఆకులా కదులుతుంది. ఒకదాని గుండెలో పుట్టగానే మూసుకోవలసిన దారి తెరిచే ఉండిపోతుంది. ఒకదాని మోకాలి చిప్ప గాడిలో నిలవదు. అమ్ముడుపోని అలాంటి పిల్లల్ని, కుక్కల్ని పెంచి అమ్మేవాళ్లు ఆసుపత్రి మెట్ల మీద వదిలేసి వెళ్లేవాళ్లు. నడినెత్తి కలవని పిల్లకు టైలరమ్మ దూది పెట్టి టోపీ కుట్టింది. మోకాలు జారే పిల్ల నడవడానికి గచ్చు మీద పాత కోట్ల ముక్కలు పరిచింది. ఆరేళ్లలో పదకొండు వచ్చాయి. ఆరు బతికి, వేరే ఇళ్లకు వెళ్లాయి. మిగతా అయిదింటి చొక్కాలు గుండీల డబ్బా అడుగున మడతపెట్టి ఉన్నాయి. ఒక్కో చొక్కా ఒక్కో ఆకంత.

ఆమె భర్త సరుకుల లారీ నడిపేవాడు. నెలలో నాలుగు రోజులు ఇంట్లో, మిగతావన్నీ రోడ్డు మీద. ఫోను చేస్తే, "కుక్క తిన్నదీ లేనిదీ గంటకోసారి చూస్తావు. నేను తిన్నానా అని నెలకోసారైనా అడుగు" అని దెప్పేవాడు.

"మీకు నోరు బాగానే ఉంది కదా" అనేది ఆమె.

ఇంట్లో ఇంకో మనిషి ఆమె అత్తగారు. డెబ్బై ఎనిమిదేళ్లు. కుక్కలంటే తనకు గిట్టదని చెప్పుకునేది. "ఇది కొంపా, ఆసుపత్రా? నేను దగ్గితే తిరిగి చూసేవాళ్లు లేరు, అది తుమ్మితే చాలు మిషను ఆగిపోతుంది" అని సణిగేది. సణుగుతూనే పాలవేళకు చేతులు కడుక్కుని, ఒడిలో తువ్వాలు పరుచుకుని స్టూలు మీద కూర్చునేది. పిల్ల తల పట్టుకోవడం ఆమె పని. ఆ పని ఇంకెవరికీ ఇచ్చేది కాదు.

పన్నెండోదిగా వచ్చింది బఠాణీ. పుట్టి రెండు రోజులు. అంగిలి మధ్యలో సన్నటి చీలిక. తల్లి దగ్గర తాగిన పాలు ఆ చీలికలోంచి ముక్కులోకి వచ్చేవి. నోటితో పాలు పడితే అవి ఊపిరిలోకి దిగుతాయి. అందుకని సన్నటి మెత్తని గొట్టాన్ని నోట్లోంచి కడుపుదాకా దించి, దాని గుండా పాలు పోయాలి.

"నాలుగు నెలలు నిండి, కిలో బరువు రావాలక్కా. అప్పుడు చీలిక కుట్టేస్తాను" అంది డాక్టరమ్మ. "అందాకా నువ్వు లాక్కొస్తే చాలు."

"కుట్టడమేగా. కావాలంటే దారం నా దగ్గర తీసుకోండి" అంది టైలరమ్మ.

గొట్టం ఎంతవరకు దించాలన్నదానికి ఒక కొలత ఉంది. ముక్కు కొన నుంచి చివరి పక్కటెముక దాకా గొట్టాన్ని పిల్ల పక్కన ఆనించి చూసి, ముక్కు దగ్గర గుర్తు పెట్టుకోవాలి. డాక్టరమ్మ గుర్తును పెన్నుతో పెట్టేది, కడిగితే పోయేది. టైలరమ్మ ఎర్ర దారంతో ముడి వేసింది. ముడి పెదవిని తాకిందంటే గొట్టం కడుపులోకి చేరినట్టు. ముడి ఒక్క వేలు తక్కువలో ఉన్నా గొట్టం కడుపు చేరదు. పాలు పైకి తన్ని, ఊపిరిలోకి దిగుతాయి. పిల్ల పెరుగుతుంది కాబట్టి ప్రతి సోమవారం మళ్లీ కొలిచి, ముడి విప్పి, కాస్త జరిపి వేయాలి.

గొట్టం దిగాక పాలు నెమ్మదిగా పోయాలి. దానికి గడియారం అత్తగారే. ఒకటి, రెండు అని అరవై దాకా లెక్కపెట్టేది. ముప్పై దగ్గర ఆగి పిల్లతో మాట్లాడేది. "ఏమే, నా వంక అట్లా చూస్తావేం? నేనేమన్నా నీకు బాకీనా?" అని, "ముప్పై ఒకటి" అనేది.

వారాలు గడిచాయి. బఠాణీ నూరు గ్రాములు దాటింది. మూడు వందలు దాటింది. కళ్లు తెరిచి మొదట చూసింది మిషను చక్రాన్ని. ఆ చక్రం తిరుగుతున్నంతసేపూ దానికి లోకం సవ్యంగా ఉన్నట్టే. ఆగితే తల ఎత్తేది. పదో వారానికి ఆరు వందల డెబ్బై గ్రాములు. పెట్టె అంచు మీద ముందు కాళ్లు వేసి నిలబడి, వచ్చేపోయే వాళ్ల మోకాళ్లను పలకరించేది.

సరిగ్గా అప్పుడే బడులు తెరిచారు. గది నిండా యూనిఫాములు. ఒక్క సెలవుల్లో పిల్లలంతా పొడుగైపోయి వచ్చారు. అంచులు విప్పడం, లోపల మడిచి ఉంచిన బట్టను కిందికి దించడం, మళ్లీ కుట్టడం. ఆ మడత ఆమె ఎప్పుడూ ఉంచేది. పెరిగే ఒంటికి కుట్టేటప్పుడు లోపల కాస్త బట్ట దాచి ఉంచాలని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బస్సు కండక్టరు కూడా ఆ రద్దీలోనే ప్యాంటు పట్టుకొచ్చాడు.

"నడుము దగ్గర రెండంగుళాలు వదలాలమ్మా."

"పోయిన నెలే కదయ్యా వదిలాను?"

"ఏం చేయను, మీ బఠాణీతో పోటీ పడుతున్నాను."

"అది పాలు తాగి పెరుగుతోంది. నువ్వేం తాగుతున్నావో మీ ఆవిడను అడగాలి" అంది అత్తగారు లోపలి నుంచి.

మొదటి సోమవారం అలా గడిచిపోయింది. రెండో సోమవారం బఠాణీ ఉన్ని చొక్కా చంకల కింద ఒరుసుకుంటోందని టైలరమ్మే చూసింది. టేపు తీసి మెడ నుంచి తోక దాకా కొలిచింది. లోపలి మడత విప్పింది, సరిగ్గా ఒక వేలు వెడల్పు. అయిదు నిమిషాల్లో కుట్టి తొడిగింది. బఠాణీ ఒళ్లు దులుపుకుని, కొత్త వదులులో ఓ చుట్టు తిరిగింది.

"చూశారా అత్తయ్యా, బట్ట చాలడం లేదు దీనికి!"

"దిష్టి పెట్టకు" అంది అత్తగారు. కానీ ఆమె కూడా నవ్వింది.

గొట్టం కడిగి గోడ మేకుకు తగిలించి ఉంది. దాని మీద ఎర్ర దారం, రెండు వారాల కిందట వేసిన చోటే.

బుధవారం మధ్యాహ్నం పాలు పోస్తుంటే నలభై దగ్గర బఠాణీ దగ్గింది. ముక్కు దగ్గర ఒక చిన్న తెల్లటి బుడగ వచ్చి పగిలింది. టైలరమ్మ వెంటనే గొట్టం తీసి, పిల్లను తలకిందులుగా పట్టుకుని, వీపు తట్టింది. కాసేపటికి అది మామూలుగా పడుకుంది. తుమ్మేమో అనుకున్నారు. పొద్దున లేచేసరికి దాని డొక్కలు మిషను కంటే వేగంగా కదులుతున్నాయి.

ఆసుపత్రిలో డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి చాలాసేపు వింది. "కుడివైపు ఊపిరితిత్తిలోకి పాలు వెళ్లాయక్కా." సూదిమందు ఎక్కిస్తూ, తల ఎత్తకుండానే అడిగింది. "ముడి ఎప్పటికప్పుడు మారుస్తున్నావు కదా?"

"ఆఁ" అంది టైలరమ్మ.

ఆ మాట ఆమె కంటే ముందు ఆమె నోరు అనేసింది. అన్నాక వెనక్కి తీసుకోవడానికి చోటు కనిపించలేదు.

ప్రాణవాయువు నింపే గాజుపెట్టెలో బఠాణీని పెట్టారు. టైలరమ్మ పక్కన బల్ల మీద కూర్చుని, తెచ్చుకున్న యూనిఫాములకు చేత్తో అంచులు కుట్టింది. అద్దం లోపల పిల్ల, అద్దం మీద తన ముఖం, రెండూ ఒకేచోట కనిపించేవి. శుక్రవారం అది ఒకసారి తల ఎత్తింది. మిషను చక్రం కోసం వెతుకుతోందనుకుని ఆమె దారపు రీలును అద్దం ముందు తిప్పింది. అది కాసేపు చూసింది. శనివారం మధ్యాహ్నం, ఎండ కిటికీలోంచి బల్ల దాకా వచ్చిన వేళ, ఊపిరి ఆగిపోయింది.

"ఇలాంటి పిల్లలకు ఎంత జాగ్రత్తగా ఉన్నా అవుతుందక్కా. నువ్వేం చేయగలవు?" అంది డాక్టరమ్మ, ఆమె భుజం మీద చేయి వేసి. ఆ చేయి బరువుకు టైలరమ్మ తల ఇంకా వంగింది.

ఇంటికి తెచ్చి బఠాణీని బట్టలు కత్తిరించే బల్ల మీద పడుకోబెట్టింది. మేకు మీది గొట్టం తీసింది.

"ఇప్పుడెందుకమ్మాయ్ అది?" అంది అత్తగారు.

టైలరమ్మ గొట్టం కొనను చివరి పక్కటెముక దగ్గర ఆనించి, ముక్కు దాకా చాపింది. ఎర్ర ముడి ముక్కు కొన దాకా రాలేదు. తన చూపుడు వేలు ఆ ఖాళీలో పెట్టింది. సరిగ్గా పట్టింది. చొక్కాకు వదిలింది కూడా అంతే.

"ఒంటికి కొలిచాను అత్తయ్యా. ఇదే చేత్తో. లోపలికి కొలవలేదు."

అత్తగారు ఆ వేలు వంక చూసింది. "పట్టుకున్నది నేను కదే. మూడు వారాలుగా ఆ ముడి నా కళ్ల ముందే ఉంది."

"మీకు కళ్లు ఆనవు."

"ఆనవు కాబట్టి తప్పించుకున్నాను. నీకా దారి కూడా లేదు" అని, పిల్ల చొక్కా గుండీ ఊడి ఉంటే పెట్టింది. "డాక్టరమ్మకు చెప్పకు. చెప్తే బతికొస్తుందా?"

"రాదు."

సోమవారం పొద్దున్నే టైలరమ్మ గొట్టం పట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది. ముడి విప్పలేదు.

"మార్చలేదు డాక్టరుగారూ. రెండు సోమవారాలు మర్చిపోయాను. మీరడిగితే ఆఁ అన్నాను."

డాక్టరమ్మ గొట్టం అందుకుని, ముడిని బొటనవేలితో ఒకసారి తడిమింది. లోపలి గదిలోంచి సన్నగా, ఈలలాంటి ఏడుపు వినిపిస్తోంది. ఏ పిల్లదో, ఏం కొరతతో పుట్టిందో. టైలరమ్మ అటు తిరగలేదు.

"నాకిక ఇవ్వకండి" అంది.

"సరే అక్కా" అంది డాక్టరమ్మ. గొట్టం మాత్రం తిరిగి ఇవ్వలేదు.

ఇంటికి వచ్చేసరికి పదకొండయింది. కండక్టరు ప్యాంటు మిషను మీద అలాగే ఉంది. స్టూలు మీద అత్తగారు కూర్చుని ఉంది. చేతులు కడుక్కుని ఉంది, వేళ్ల చివర్ల నీళ్లు ఇంకా ఆరలేదు. ఒడిలో తువ్వాలు పరిచి ఉంది.

కోడలిని చూశాక కానీ ఆమెకు గుర్తు రాలేదు. గుర్తొచ్చాక కూడా తువ్వాలు తీయలేదు. దాని ముడతలను అరచేత్తో సర్దుతూ ఉండిపోయింది, అక్కడేదో పడుకుని ఉన్నట్టు, నిద్ర లేస్తుందేమో అన్నట్టు.

టైలరమ్మ మిషను ముందు కూర్చుంది. తొక్కింది. చక్రం తిరిగింది. అట్టపెట్టెలోంచి ఏ తలా లేవలేదు.